తెల్లచారల గది

“నాలుగు కొట్టగానే ఆవిడని స్టేషనుకి పంపించేస్తానండీ శౌరమ్మగారూ. ఈలోగా మీరు దర్యాప్తు చేసుకుంటారో, దండకం చదువుకుంటారో మీ ఇష్టం,” అన్నాడు ఇన్‌స్పెక్టరు వెంకటకృష్ణారావు.

చనిపోయిన మనిషి ఇంటి ముందుగదిలో గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. శౌరమ్మ ఆయన వంక చూడలేదు. ఎదురుగా కూర్చున్న ఛాయాదేవి చేతుల వంకే చూస్తోంది. ఒడిలో ఆ రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. గోళ్ళ సందుల్లో తెల్లటి ముగ్గుపిండి ఇంకా పోలేదు.

శౌరమ్మ ఇరవై ఏళ్ళు ఆడవాళ్ళ జైల్లో వార్డరుగా చేసి వచ్చిన మనిషి. రిటైరయ్యాక పటమటలో చిన్న ఇల్లు తీసుకుని, ఎవరైనా వచ్చి మొర పెట్టుకుంటే కేసులు చూస్తోంది. నిన్న రాత్రి ఛాయాదేవి చెల్లెలు వచ్చి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. కేసు చూడబోతే అద్దంలా కనపడుతోంది. ఛాయాదేవి భర్త రామకోటేశ్వరరావు, కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన లెక్చరరు, నిన్న మధ్యాహ్నం తన చీకటిగదిలోకి వెళ్ళి మళ్ళీ ప్రాణంతో బయటికి రాలేదు. ఒంటిమీద గాయం లేదు. గదికి బయట గొళ్ళెం. గొళ్ళెం పెట్టింది పెళ్ళాం. కాఫీ ఇచ్చింది పెళ్ళాం. పోలీసులకి అంతకన్నా ఏం కావాలి?

“ఇన్‌స్పెక్టరు గారూ,” అంది శౌరమ్మ తాపీగా, “మీరు కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నా జైలుకి తోలిన ఆడవాళ్ళలో ముగ్గుర్ని కోర్టువారు ఏ తప్పూ లేదని వదిలేశారు. అందులో ఒకావిడ ఇంటికి వెళ్ళేసరికి పసిబిడ్డ లేదు. మీకు గుర్తుందో లేదో.”

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. “మీకు జైల్లో తాళాలు తిప్పడమే గాని కేసు తిప్పడం తెలీదు. అవతల కాఫీ గ్లాసు పరీక్షకి పంపాం. రిపోర్టు రానివ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం.”

“రిపోర్టు రాకముందే అరెస్టా?”

“ఊరంతా కోడై కూస్తోందమ్మా. నాకు పైనుంచి ఒకటే ఫోన్లు.” ఆయన విసురుగా లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

శౌరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “చెప్పమ్మా. మొగుణ్ణి గదిలో పెట్టి బయట గొళ్ళెం ఎందుకు పెట్టావు?”

“ఆయనే పెట్టమనేవారండి. ఒకసారి పక్కింటివాళ్ళు తెలీక తలుపు తోశారు. వెలుతురు పడి, గాలి తగిలి, ఆయన చూసేదంతా చెదిరిపోయింది. ఆ రోజు అన్నం తినలేదు. అప్పట్నుంచి బయట గొళ్ళెం. పనైపోయాక లోపల్నుంచి మూడుసార్లు తలుపు కొడతారు. నేను తీస్తాను.”

“ఏం చూసేవారు అంత చీకట్లో?”

ఛాయాదేవి మొదటిసారి తలెత్తింది. “విమానం పోయాక ఆకాశంలో తెల్లగా చార మిగులుతుంది చూడండి, విమానం కనపడకపోయినా. అట్లాంటివి. కంటికి కనపడనంత చిన్న కణాలు పైనుంచి ఎప్పుడూ కురుస్తూనే ఉంటాయట. గోడల్లోంచి, మన ఒంట్లోంచి కూడా దూరిపోతుంటాయట. ఆయన గాజుపెట్టె కట్టారు. పెట్టె పైన స్పిరిటు తడి, అడుగున గడ్డకట్టే చలి. ఆ మధ్య ఆవిరిలోంచి కణం పోతే దాని వెనక తెల్లని గీత పడుతుంది. రెప్ప వేసేలోగా మాయమైపోతుంది. కొన్ని కొరడాతో కొట్టినట్టు నిటారుగా ఉంటాయి. కొన్ని పొట్టిగా, లావుగా. కొన్ని తాగినవాడి నడకలాగా.” ఆమె పెదవులమీద నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. “చూసింది చూసినట్టు నల్లపలక మీద ముగ్గుపిండితో వేసేవారు. చెయ్యి వణక్కుండా పిండి వదలడం నేనే నేర్పానండి. పెళ్ళయిన ముప్పై ఏళ్ళకి నా దగ్గర ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.”

“ఆ పలకలన్నీ ఎక్కడున్నాయి?”

“ఎక్కడుంటాయండీ, పిండి గదా. స్టూడియో అంకినీడుగారు వచ్చి ఫొటో తీసుకున్నాక తుడిచేసి, మళ్ళీ కొత్తది వేసేవారు. మాయమైపోయేదాన్ని మాయమైపోయే దానితోనే గియ్యాలి అనేవారు.”

“నిన్న మూడుసార్లు తలుపు కొట్టలేదా?”

ఆ ప్రశ్నకి ఛాయాదేవి మొహంలో రక్తం ఇంకిపోయింది. వరండా వైపు ఒకసారి చూసి, “ఇన్‌స్పెక్టరు గారికి చెప్పలేదండి,” అంది. “ఒకటే చప్పుడు వినపడింది. ఒక్కటే. మిగిలిన రెండూ కొడతారని తలుపు దగ్గరే నిలబడ్డాను. కొట్టలేదు. చెయ్యి తగిలిందేమోలే అనుకున్నాను. మూడు కొట్టకుండా తీస్తే కోప్పడతారని…” కొంగు నోట్లో కుక్కుకుంది.

శౌరమ్మ ఎంతోమంది హంతకుల ఏడుపులు విన్నది. ఈ ఏడుపు వాటిలో చేరదు. జైలు గోడల మధ్య ఇరవై ఏళ్ళున్నవాళ్ళు కూడా ఇంత గట్టిగా బందీలై ఉండగా ఆమె చూడలేదు.

“చలి అన్నావు. బెజవాడ ఎండల్లో ఆ చలి ఎక్కణ్ణుంచి వచ్చేది?”

“సోడా ఫ్యాక్టరీ గ్యాసు సిలిండరు నుంచండి. సిలిండరు తలకిందులు చేసి గుడ్డసంచిలోకి వదిలితే మంచులాగా తెల్లగా గడ్డకడుతుంది. చేత్తో ముట్టుకుంటే కాలుతుంది. కరిగితే నీళ్ళు కూడా మిగలవు, గాల్లో కలిసిపోతుంది. సోడా అంతోని తెచ్చి పెరటివైపు గూట్లోంచి లోపలికి వేస్తాడు.”

“నిన్నా అతనే తెచ్చాడా?”

“అతనే అయ్యుంటాడండి. గూడు పెరటివైపు. నేను ముందు వరండాలో ఉంటాను.”

శౌరమ్మ లేచింది. “ఆ గది చూపించు.”

చీకటిగది తలుపు లోపలివైపు పాత బొంత దిగ్గొట్టి ఉంది, వెలుతురూ చప్పుడూ దూరకుండా. ఒకప్పటి సామాన్ల గది. గోడలకి నల్ల రంగు. పొట్టి బల్లమీద స్పిరిటు సీసా, గాజుపెట్టె, దాని అడుగున నల్ల మఖమలు, కింద ఖాళీ ట్రే. ముందొక పొట్టి పీట. మనిషి నేలకి ఆనుకున్నంత కిందికి కూర్చుంటే గాని పెట్టెలోకి చూపు ఆనదు. ఎడమ గోడలో, పెరట్లోంచే తెరుచుకునే చెక్క తలుపు గూడు, దాని కింద చేతులు కడుక్కునే నీళ్ళ తొట్టి. పైకప్పుకి దగ్గరగా, కాస్త కిందికి వంగిన రేకు గొట్టం ఒకటి గోడలోంచి బయటికి పోతోంది.

పీట పక్కన, వెనక కొట్టిన టేకు బద్ద కొస బయటికి కనపడుతూ, నల్లపలక నేలమీద పడుకోబెట్టి ఉంది. అది చూసి శౌరమ్మ ఆగిపోయింది.

నల్లటి పలక నిండా తెల్లచారలు. అంచునుంచి అంచుకి సందులేదు. సన్నవి, బారువి, పురుగు పాకినట్టు మెలికలు తిరిగినవి. ఎవరూ లేని చోట ఎవరో పరుగెత్తిపోయినట్టున్నాయి. పై సగంలో గీతలు వెంట్రుకవాసి సన్నంగా, తొణక్కుండా పడ్డాయి. కింది సగానికి వచ్చేసరికి పిండి ముద్దముద్దగా పడింది. ఆఖరి గీత పలక దాటి నేలమీదికి జారి అక్కడ ఆగిపోయింది.

“ఎప్పుడూ ఇన్ని వేసేవారా?” అని అడిగింది.

“లేదండి,” అంది గుమ్మంలోంచి ఛాయాదేవి, ఆశ్చర్యపోతూ. “సగం పలక నిండేసరికి చలి అయిపోయేది. గీతలు రావడం ఆగిపోయేది. అయ్యో ఇంకా కాసేపుంటే బాగుండు అనేవారు.”

అంటే నిన్న చలి అయిపోలేదు. ఎవరో ఆ పిచ్చిమారాజుకి కడుపునిండా చూపించారు.

“అక్కయ్యగారూ, కాస్త పక్కకి జరుగుతారా?” అన్నారెవరో వెనకనుంచి. మెడలో కెమెరా, చేతిలో తోలుపెట్టె, తెల్లటి షర్టు మడత నలగని మనిషి. “నేను అంకినీడుని. పోలీసువారు గది ఫొటోలు తియ్యమన్నారు. ఛాయమ్మగారూ, ఇన్‌స్పెక్టరు గారు మిమ్మల్ని పిలుస్తున్నారు.”

ఛాయాదేవి వెళ్ళిపోయింది.

“పలకల ఫొటోలన్నీ మీరే తీసేవారటగా?” అంది శౌరమ్మ.

“నేను కాక ఎవరు తీస్తారండీ? ఊదితే పోయే పిండి. నా నెగటివుల్లో ఉన్నదే మిగిలింది. ఈ గదిని వెలుతురు దూరకుండా చేసిందీ నేనే. మాస్టారికి ఫిజిక్సు తెలుసు గాని చీకటి సంగతి ఆయనకేం తెలుసు?” నవ్వాడు. “వచ్చే నెల బొంబాయిలో పెద్ద ప్రదర్శన. దొరలు కూడా వస్తున్నారు.”

“ఎవరి పేరు మీద?”

అతను లెన్సు తుడుచుకోవడం ఆపలేదు. “ఫొటో ఎవరు తీస్తే వాళ్ళ పేరే గదండీ వేస్తారు. అడుగున మాస్టారికి కృతజ్ఞతలని కూడా వేద్దామనుకున్నాను. ఆయన వినలేదు. పాపం, పెద్దమనిషి.”

“ఇప్పుడు వినక్కర్లేదుగా.”

“మాటలు బాగా పుల్లగా ఉన్నాయే మీవి!” తోలుపెట్టె మూసి చుట్టూ చూశాడు. “స్టాండు కార్లో మర్చిపోయా. మీరు ఆ పీటమీద కూర్చోండి, గాలికి పిండి లేవకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్తా. చిటికెలో వస్తాను.”

పలక కింది అంచున పిండి ఎలా ముద్దకట్టిందో చూడాలని శౌరమ్మ అప్పటికే వంగి ఉంది. అది ఆమె చేసిన పొరపాటు. తలుపు మూసుకుంది. ఆ వెంటనే గొళ్ళెం పడింది.

ఇరవై ఏళ్ళు ఆ చప్పుడుకి ఆమె అవతలి వైపే నిలబడింది. ఇవతలి వైపునుంచి వినడం అదే మొదలు.

“అంకినీడుగారూ!” అని తలుపు బాదింది. బొంత ఆ దెబ్బలన్నీ మింగేసింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. కాసేపటికి ఎడమ గోడవైపు చెక్క కిర్రుమంది. గూడు తెరుచుకుని బొరబొరమని కంకర పోసినట్టు తొట్టి నీళ్ళలోకి ఏదో పడింది. మళ్ళీ గూడు మూసుకుంది. తొట్టిలో నీళ్ళు తెర్లినట్టు గుడగుడలాడాయి. కాని అటునుంచి వచ్చింది వేడి కాదు. చల్లగా, తడిగా, పాదాల మీదుగా పాకుతూ వచ్చింది.

శౌరమ్మ జాకెట్లోంచి అగ్గిపెట్టె తీసింది. జైలు కరెంటు పోయినప్పుడల్లా తడుముకునే రోజుల్నుంచి అది ఆమెని వదల్లేదు. స్పిరిటు సీసాకి ఎడంగా జరిగి పుల్ల గీసింది. నేలంతా తెల్లటి పొగ, పాలు పొంగినట్టు. పీట మునిగిపోయింది. ఏమిటో చూద్దామని పుల్ల కిందికి దించింది. పొగని తాకగానే ఎవరో ఊదేసినట్టు ఆరిపోయింది. రెండో పుల్ల గుండెల దగ్గర పట్టుకుంది. నిలకడగా వెలిగింది. మోకాలి దగ్గరికి దించితే ఆరిపోయింది.

పామర్రు దగ్గర ఆమె పుట్టిన పల్లెలో ధాన్యం పాతర తెరిచినరోజు ఎవరూ ముందు దిగరు. తాడు కట్టి లాంతరు దించుతారు. లాంతరు ఆరితే లోపల ఊపిరాడని గాలి ఉందని, పాతర ఇంకా మనిషిని అడుగుతోందని అర్థం. ఆమె మేనమామ ఒకసారి లాంతరు కోసం ఆగలేదు. గింజలమీద పడుకున్నట్టే ఉన్నాడు. ఒంటిమీద గాయం లేదు.

“ఓరి దుర్మార్గుడా,” అంది పైకే. రామకోటేశ్వరరావు మరణం అంతా ఆ అగ్గిపుల్ల వెలుగులో కనపడింది. గూట్లోంచి సంచులకొద్దీ మంచు లోపలికి తోశారు. ఆయన సంతోషంగా ట్రే నింపుకున్నాడు. తొట్టిలోకి పడింది తొట్టిలో ఉడికింది. చీకట్లో, పొట్టి పీటమీద, ఊపిరి ఆపే ఆ గ్యాసు ముక్కుపుటాల దాకా వచ్చినా ఆయనకి తెలియలేదు. తలనొప్పి వచ్చి ఉంటుంది, చెయ్యి బరువెక్కి ఉంటుంది. అయినా గీతలు వస్తూనే ఉంటే ఎలా లేస్తాడు? లేచేసరికి ఒక్క దెబ్బకి మాత్రమే ఓపిక మిగిలింది.

కాని ఆయన ఫిజిక్సు మేస్టరు. ఈ గ్యాసు సంగతి తెలియనివాడు కాదు. అందుకే గొట్టం పెట్టించాడు.

శౌరమ్మ తల అప్పటికే దిమ్ముగా ఉంది. బల్ల తడుముకుని గాజుపెట్టెని గోడవైపు తోసి పైకెక్కింది. మరో పుల్ల వెలిగించింది. గొట్టం నోరు తల పైన జానెడు దూరంలో ఉంది. చెయ్యి దూర్చింది. మోచేతి దాకా పోయాక వేళ్ళకి గుడ్డ తగిలింది. గట్టిగా దట్టించిన గుడ్డ. బయటినుంచి కుక్కింది, ఇంకా లోపలికి ఉంది. చేత్తో కదల్లేదు.

బారుపాటి కర్ర కావాలి. ఆ గదిలో బారుపాటి కర్ర ఒకటే ఉంది. నల్లపలక వెనక కొట్టిన టేకు బద్ద.

కిందికి దిగేముందు గుండెనిండా ఊపిరి పట్టింది. పలక అంచు చేతికి దొరికింది. దాన్ని ఎత్తితే పిండి రాలిపోతుంది. ఆ మనిషి ఎంతసేపు బతికి ఉన్నాడో, ఎలా పోయాడో చెప్పే సాక్ష్యం లోకంలో అదొక్కటే. ఆయన ఆఖరి చేతిపని కూడా అదే. ఆ ఇల్లాలికి రక్షణ అదే. ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది. ఊపిరి ఆగదు. పలక బోర్లా తిప్పింది. చీకట్లో పిండి మెత్తగా జారిన చప్పుడు విని, “క్షమించు నాయనా,” అనుకుంది. కాలితో తొక్కిపెట్టి బద్ద ఊడబెరికింది.

పైకెక్కే ముందు తలుపు దగ్గరికి వెళ్ళి, బొంత అంచు ఎత్తి, బద్దతో చెక్కమీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు. ఈ ఇంట్లో మూడు దెబ్బలు వినపడితే ప్రాణం పెట్టి పరుగెత్తుకు వచ్చే మనిషి ఒకతె ఉంది. నిన్నట్నుంచి ఆ మూడింటి కోసమే ఆమె చెవులు తెరుచుకుని కూర్చుంది.

ఎవరూ రాలేదు.

అంటే ఛాయాదేవి ఇంట్లో లేదు.

అప్పుడు శౌరమ్మకి భయం వేసింది, తన గురించి కాదు. పిండి పోయింది. మాస్టారు పోయాడు. ఆ గీతలు అంకినీడు మెదడులో పుట్టలేదని, ముగ్గుపిండి వదిలి పదిమందిలో చూపించగల చెయ్యి ఇంక ఒక్కటే మిగిలింది.

బల్లమీద నిలబడి బద్దని గొట్టంలోకి పోటు పొడిచింది. నాలుగో పోటుకి లోపలేదో కదిలింది. ఒళ్ళంతా బరువు పెట్టి తోసింది. గుడ్డ బుడుక్కున ఊడిపోయింది. పిడికెడు వెలుతురు, దాని వెంట దుమ్ము వాసన వేసే వేడిగాలి. ఆ గొట్టానికి మూతి ఆనించి బిడ్డ పాలు తాగినట్టు తాగింది.

“ఎవురండీ పైన? నెత్తిమీద చెత్త పారేస్తారేంటి?” అంది కిందనుంచి ఒక గొంతు.

“చెత్త కాదు నాయనా, ప్రాణం! వచ్చి గది గొళ్ళెం తియ్యి!”

తలుపు తెరిచింది సోడా అంతోని. ఖాళీ సిలిండరు కోసం పెరట్లోకి వచ్చాడట. చేతిలో గొట్టంలోంచి పడిన గుడ్డ. అది నల్లటి మఖమలు ముక్క, కెమెరా మీద కప్పుకునేది. అతని వెనకే వెంకటకృష్ణారావు పరుగున వచ్చి, గుమ్మంలోంచి పొర్లుతున్న తెల్లపొగ చూసి నిలబడిపోయాడు.

“ఏం చేశారిక్కడ? పలక ఏది? సాక్ష్యం నాశనం చేశారా?”

“ఛాయాదేవి ఏది?” అంది శౌరమ్మ గోడ పట్టుకుని.

“ఎక్కడికి పోతుందండీ? స్టేషనుకి పంపాను.”

“నాలుగు కాలేదే!”

“పరువుగల ఇల్లాలు, నలుగురూ చూస్తుండగా జీపెక్కించడం ఎందుకు, నా కార్లో దింపుతానని అంకినీడుగారే అన్నారు. మీరు చూసుకుని ఇంటికి వెళ్ళిపోయారని కూడా చెప్పారు. కానిస్టేబులు జక్కయ్యని తోడిచ్చాను. నేను ఫోను కోసం పక్కింటికి…” ఆయన మాట తడబడింది. “ఏం? ఏమైంది?”

శౌరమ్మ ఆయన్ని దాటి సోడా మనిషి దగ్గరికి నడిచింది. “అంతోనీ, నిన్న ఎన్ని సంచులు తెచ్చావు?”

“నేనాండీ? నిన్న నేను రాలేదుగా. మాస్టారికి ఎక్కువ కావాలంట, నేనే తీసుకెళ్తానని స్టూడియో ఆయన రెండు సిలిండర్లు సంచుల్లోకి కొట్టించుకెళ్ళారండి.”

ఇన్‌స్పెక్టరు అంతోని చేతిలోని మఖమలు గుడ్డనీ, పొగనీ, శౌరమ్మ నీలం తిరిగిన పెదవుల్నీ మార్చి మార్చి చూశాడు. “కాఫీ…” అన్నాడు.

“కాఫీ కాఫీయేనండీ బాబూ. మంచి డికాషనుతో పెట్టి ఉంటుంది ఆవిడ.” అంతోని వైపు తిరిగింది. “మరి ఇవాళ?”

“ఇవాళా కొట్టించుకున్నారండి. రెండు సంచులు, పోలీసువారికి చూపించాలంట, గూడు దగ్గర పెట్టించారు. పెద్ద సంచులు మూడు కార్లో వెనక సీటు కింద సర్దించారు. రొయ్యలు పంపాలంట ఎక్కడికో. గోనెపట్టా కప్పమన్నారు.”

ఆ మాట పూర్తికాకుండానే వీధి గుమ్మంలో బూట్ల చప్పుడు. కానిస్టేబులు జక్కయ్య. ఒక్కడే. చెమటలు కారుతున్నాయి, చేతిలో సిగరెట్టు పెట్టె.

“సార్, రోడ్డు మలుపులో ఆయన సిగరెట్లు తెచ్చిపెట్టమన్నారండి. దిగి కొనుక్కుని తిరిగి చూస్తే కారు లేదండి. స్టేషనువైపు పోలేదు. గన్నవరం రోడ్డున పోతుంటే చూశామన్నారు కొట్టువాళ్ళు.”

“జీపు తియ్యండి!” ఇన్‌స్పెక్టరు అరిచాడు. ఆ అరుపులో పోలీసు లేడు.

శౌరమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది. “ఆవిడ అద్దాలు దించుకుని కూర్చుందా జక్కయ్యా? ఎండగా ఉందిగా, దించుకునే ఉంటుంది. చెప్పు.”

జక్కయ్య ఆమె వెంట దిగుతూ తల అడ్డంగా తిప్పాడు.

“నేనే దించుకోమన్నానండి. కాళ్ళ దగ్గర చలేస్తందే ఎండల్లో అని ఆవిడ కూడా అంది. ముందు సీట్లోంచి వెనక్కి వంగి అద్దం తిప్పే పిడి కోసం చూస్తే లేదండి. తలుపు తీసే పిడి కూడా లేదు. వెనకవైపు రెండు తలుపులకీ అన్నీ ఊడదీసి ఉన్నాయి.”